లదాఖ్ శిబిరంలో ఖాళీ రోజులు

కళాశాలలో విహారయాత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన నోట మెదిలే పేర్లు కొన్నే. నాగార్జునసాగర్, గోలకొండ, చార్మినార్. నిధి కొంచెం పుష్కలంగా ఉన్న సంవత్సరమైతే మైసూరో, ఊటీయో. ఇవి చూడదగినవి కావని మేము అనము. ఐతే ఈ యాత్రలలో విద్యార్థి చేయవలసిన పని ఏదీ ఉండదు. బస్సు ఎక్కమన్నప్పుడు ఎక్కడం, దిగమన్నప్పుడు దిగడం, వడ్డించినది తినడం, నాలుగు ఫొటోలతో ఇల్లు చేరడం. యాత్రను ఇతరులు ఆలోచించారు, ఇతరులు నడిపారు. మనం కేవలం సామానువలె తీసుకొనిపోబడ్డాము.

ఈ సంవత్సరం ఉర్దూ శాఖ వారము, తెలుగు శాఖ వారము కొందరం కలిసి వేరొక ప్రతిపాదనను కమిటీ పెద్దల ముందుంచాము. జూన్ ప్రథమార్ధంలో లదాఖ్ వెళ్ళి, ఆ ఎత్తైన ఎడారి గ్రామాల నడుమ గుడారాలు వేసుకొని, మూడు రోజులు కాలినడకన తిరిగి రావాలన్నది మా సంకల్పం. రాకపోకలతో కలిపి పదహారు రోజుల ప్రణాళిక వ్రాసి ఇచ్చాము. పెద్దలు కాదనలేదు; అందుకు కృతజ్ఞులము. కాని ఆ కాగితం మా చేతికి తిరిగి వచ్చేసరికి రెండు పంక్తులపై ఎర్ర సిరాతో అడ్డగీత ఉన్నది. ఒకటి ‘కార్గిల్‌లో ఒక రోజు విశ్రాంతి.’ రెండవది ‘తెమిస్‌గాంలో ఒక రోజు విశ్రాంతి.’ ప్రక్కన ‘ఖాళీ రోజులు, అనవసర వ్యయం’ అని వ్రాసి, వాటి స్థానంలో ‘పాంగాంగ్ సరస్సు దర్శనం’ అని చేర్చారు.

ఈ వ్యాసం ఆ రెండు పంక్తులను గురించి. అవి కొట్టివేయదగినవి కావని, అవసరమైతే తక్కినవన్నీ కొట్టివేసి వాటిని నిలుపుకొనవలెనని మా అభిప్రాయం. ఎందువల్లనో సవినయంగా మనవి చేస్తాము.

మొదట ఒక ప్రశ్నకు సమాధానం చెప్పాలి. సాగర్ ఎడమ కాల్వ నీటితో వరి పండించుకొనే వేములపల్లి, మిర్యాలగూడ పిల్లలకు ఆ మంచుకొండల ఎడారితో ఏమి సంబంధం? 2020 జూన్ 15వ తేదీకి ముందైతే ఈ ప్రశ్నకు తడుముకొనేవారమేమో. ఆ రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సేనలతో జరిగిన ఘర్షణలో ఇరవై మంది భారత సైనికులు అమరులైనారు. వారిలో 16 బీహార్ రెజిమెంటును నడిపిన కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రకటించారు. సూర్యాపేటలో ఆయన విగ్రహం ముందు నుంచి మనలో ఎందరో వస్తూ పోతూ ఉంటాము. ఆయన పనిచేసిన నేల ఎటువంటిదో, అక్కడ గాలి ఎంత పలుచనో, ఊపిరి తీయడమే ఎంత శ్రమయో మనలో ఎంతమందికి తెలుసు?

ఆ లోయ పేరులోనే మరొక పాఠం ఉన్నది. గులాం రసూల్ గల్వాన్ అనే లే నగర వాసి పేరు మీద ఆ నదికి, లోయకు ఆ పేరు వచ్చింది. కడు పేద కుటుంబంలో పుట్టి, చిన్ననాడే బాటసారుల సామాను గుర్రాల వెంట నడిచి, క్రమంగా కాఫిలాలను నడిపే నాయకుడైనాడు. చివరకు లేలో ‘అక్సకాల్’ అనే గౌరవ పదవిని పొందాడు. ఆయన స్వీయచరిత్ర ‘సర్వెంట్ ఆఫ్ సాహిబ్స్’ 1923లో అచ్చయింది. కాఫిలా నాయకుని విద్య ఏమిటి? ఎన్ని గుర్రాలు, ఎంత పిండి, ఎంత గడ్డి, నీరు ఏ మజిలీలో దొరుకుతుంది, ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అని ముందుగా లెక్కించడమే. ఆగవలసిన చోట ఆగనివాడు ఆ ఎడారిలో కాఫిలాను గమ్యం చేర్చలేడు. పెద్ద చదువులు లేని ఆ మనిషి నేర్చిన ఆ విద్యనే మేమూ కొంత నేర్వగోరుతున్నాము.

ఇక ఆ ఎడారి సంగతి. ఎడారి అనగానే మన కళ్ళకు ఇసుక తిన్నెలు, ఒంటెలు, మండే ఎండ కనిపిస్తాయి. లదాఖ్ చలి ఎడారి. నైరుతి మేఘాలను హిమాలయ పర్వతాలు ఆవలనే ఆపివేయడంచేత లే పట్టణంలో సంవత్సరానికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. కరువు జిల్లా అని పేరుపడిన మన నల్లగొండలో అంతకు ఆరేడు రెట్లు కురుస్తుంది. పగటి ఎండ చర్మాన్ని మాడుస్తుంది. ప్రొద్దు గుంకగానే చలి ఎముకలు కొరుకుతుంది. ఐతే అన్నిటికంటె ముఖ్యం ఎత్తు. మన ఊళ్ళు సముద్రమట్టానికి కొన్ని వందల అడుగుల ఎత్తున మాత్రమే ఉన్నాయి. లే సుమారు 3,500 మీటర్లు, అనగా పదకొండున్నర వేల అడుగులు. అక్కడి గాలిలోనూ ప్రాణవాయువు పాలు నూటికి ఇరవై ఒకటే; కాని గాలి ఒత్తిడి సముద్రతీరపు ఒత్తిడిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఒక్కొక్క ఊపిరికి మన రక్తానికి అందేది ఆ మేరకు తగ్గుతుంది.

ఈ కొరతను శరీరం ఎట్లా తీర్చుకుంటుంది? మొదట ఊపిరి వేగం పెంచుతుంది. వేగంగా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది పెరిగితే శరీరం మళ్ళీ ఊపిరికి పగ్గం వేస్తుంది. ఈ చిక్కును విప్పవలసినవి మూత్రపిండాలు. అవి అధిక క్షారాన్ని మెల్లమెల్లగా బయటకు పంపుతాయి. ఆ పని గంటలలో తెమిలేది కాదు, ఒకటి రెండు రోజులైనా పడుతుంది. రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి. అందుచేత పర్వతారోహణ వైద్యులు ఒక కట్టుబాటు చెబుతారు. మూడు వేల మీటర్లు దాటిన తరువాత రాత్రి నిద్రించే చోటు ఎత్తును రోజుకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. పెద్దలు ‘ఖాళీ’ అన్న రోజున మనం తిరగకపోవచ్చు, చూడకపోవచ్చు. కాని మన శరీరం ఆనాడు చేసినంత పని మరేనాడూ చేయదు.

ఆ పనికి వ్యవధి ఇవ్వకపోతే ఏమవుతుంది? తలనొప్పి, వికారం, నిద్రలేమి, ఆకలి మందగించడం. ఇది సాధారణమైన ఎత్తు జబ్బు. అక్కడే ఆగి విశ్రమిస్తే చాలామందికి నయమవుతుంది. ఆగక పైకి పోతే అది ముదిరి ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. కూర్చున్నా ఆయాసం, ఎడతెగని దగ్గు, తడబడే నడక, పొంతనలేని మాట కనిపిస్తే అది ప్రాణాపాయం. వెంటనే క్రిందికి దింపాలి; ఆక్సిజన్, మందులు ఎంత సహాయపడినా దింపడానికి అవి బదులు కావు. మరొక సంగతి పెద్దలు గుర్తింపవలెను. ఈ జబ్బుకు కండబలం అడ్డు కాదు. కబడ్డీలో కళాశాలకు కప్పు తెచ్చినవాడే మొదట పడిపోవచ్చు. మెల్లగా నడిచే పిల్ల క్షేమంగా ఉండవచ్చు. ‘మా కుర్రవాళ్ళు గట్టివాళ్ళు, ఒక రోజు విశ్రాంతి ఎందుకు’ అన్న మాటలో ఆప్యాయత ఉన్నది గాని నిజం లేదు.

మా ప్రణాళిక ఈ కట్టుబాటును అనుసరించి అల్లినదే. విమానంలో ఢిల్లీ నుండి లేకు గంటన్నర లోపు చేరవచ్చు. కాని అది మైదానం నుంచి ఒక్క గంతులో మూడున్నర వేల మీటర్ల ఎత్తుకు విసిరివేయబడడం. దిగిన తరువాత రెండు రోజులు కదలకుండా ఉండక తప్పదు. మనాలి దారిలో సర్చూ వద్ద సుమారు 4,300 మీటర్ల ఎత్తున రాత్రి గడపవలసి వస్తుంది. కొత్తవారికి అది తగదు. కాబట్టి సికింద్రాబాదు నుండి ఢిల్లీ మీదుగా జమ్మూ చేరి, 2025 జూన్ 6న ప్రారంభమైన కట్రా-శ్రీనగర్ రైలులో 1,600 మీటర్ల శ్రీనగర్‌కు, అక్కడి నుండి జోజిలా కనుమ దాటి 2,700 మీటర్ల కార్గిల్‌కు పోవాలని వ్రాశాము. కార్గిల్‌లో ఒక రోజు ఆగుతాము. మరునాడు 4,100 మీటర్ల ఫోటూలా కనుమను బండిలోనే ఎక్కి దిగి, సుమారు 3,200 మీటర్ల తెమిస్‌గాం గ్రామంలో నిద్రిస్తాము. అక్కడ రెండవ విశ్రాంతి. ఆ తరువాతనే నడక. హెమిస్ షుక్పచన్, యాంగ్తాంగ్ గ్రామాల మీదుగా లికిర్ వరకు మూడు రోజుల దారి. కనుమలు కూడా నాలుగు వేల మీటర్లకు లోపలే. లే పట్టణం చివరకు వస్తుంది. అప్పటికి మన శరీరాలు ఆ గాలికి అలవాటుపడి ఉంటాయి. ఈ నిచ్చెనలో రెండు మెట్లు ఊడదీసి, పైన పాంగాంగ్ అనే మెట్టు బిగించమంటే ఎట్లా? ఆ సరస్సు 4,200 మీటర్లకు పైన ఉన్నది. దాని దారి అయిదు వేల మీటర్లు దాటిన చాంగ్‌లా కనుమ మీదుగా పోతుంది. 2009 నాటి ‘త్రీ ఇడియట్స్’ చిత్రం చూసినవారందరికీ ఆ నీలిరంగు నీటిపై మోజు ఉండడం సహజమే. మాకూ ఉన్నది. కాని మొదటి యాత్రకు అది కాదు.

ఖాళీ అన్న రోజులలో విద్యార్థులు నిజంగా చేతులు ముడుచుకొని కూర్చుంటారా అంటే, అదీ లేదు. ఆ రెండు దినాలకు మేము వ్రాసుకొన్న పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది వంట. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల చప్పుడు మధ్య పెరిగిన మనకు అన్నం వండడం ఒక విద్య అని తోచదు. కాని తెమిస్‌గాంలో ఎసరు తొంభై డిగ్రీల దగ్గరనే తెర్లిపోతుంది. ఎంత మంట పెట్టినా నీరు అంతకు మించి వేడెక్కదు. మూత లేని గిన్నెలో బియ్యం గంటసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది. కందిపప్పు సంగతి చెప్పనక్కరలేదు. ప్రెషర్ కుక్కర్ లేని శిబిరంలో మన వరి సీమ బిడ్డలు పస్తులుండవలసినదే. భౌతికశాస్త్ర పాఠంలో ఒత్తిడికి, మరిగే ఉష్ణోగ్రతకు గల సంబంధాన్ని మేము పరీక్షకు వల్లించాము. అక్కడ ఆకలితో నేర్చుకుంటాము. కనుక మా సామాను పట్టికలో కుక్కర్లు, పెసరపప్పు, అటుకులు, ఉప్మా రవ్వ చేరాయి. అక్కడివారు వేయించిన బార్లీ పిండిని ఉప్పు వెన్న చాయలో కలుపుకొని తింటారు. మన సత్తుపిండికి అది అన్నదమ్ముల వరస. వండే పని లేని ఆహారం ఆ ఎత్తున ఎందుకు పుట్టిందో ఒక్కపూట కట్టెల లెక్క చూస్తే తెలిసిపోతుంది.

ఆ కట్టెల మాట కూడా చెప్పాలి. శిబిరమంటే నెగడు వెలిగించి చుట్టూ పాటలు పాడడమని మనలో చాలామంది ఊహ. ఆ నేలలో చెట్టు మొలవడమే గగనం. ఒక్కొక్క ముండ్ల పొద పెరగడానికి ఏండ్లు పడుతుంది. ఊరివారు చలికాలానికి పేడ పిడకలు కూడబెట్టుకుంటారు. ఒక్క రాత్రి మన వినోదానికి ఒక కుటుంబపు వంటచెరకును కాల్చడం అతిథి ధర్మం కాదు. కాబట్టి నెగడు ఉండదు. వంటకు గ్యాసు పొయ్యిలను లేలోనో కార్గిల్‌లోనో అద్దెకు తీసుకుంటాము. మనం తీసుకుపోయిన ప్లాస్టిక్‌ను మనమే తిరిగి మోసుకొని వస్తాము.

రెండవ పని నీటిని చూడడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాల్వలకు నీరు విడిచారు. లాల్ బహదూర్ పేరు పెట్టుకొన్న మన ఎడమ కాల్వ రాకముందు తాతల తరం ఎట్లా బ్రతికిందో మనకు కథలుగానే తెలుసు. ఆనాడు మన చెరువుల క్రింద నీరటికాడు ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు పారాలో, తూము ఎప్పుడు లేపాలో నిర్ణయించేది అతడే. లదాఖ్ గ్రామాలలో అదే పని చేసే మనిషి ఉన్నాడు. అతనిని ‘చుర్‌పోన్’ అంటారు. మంచు కరిగిన నీటిని వంతులవారీగా పొలాలకు పంచడం అతని బాధ్యత. వేసవి మొదట్లో విత్తనాలకు నీరు కావలసినప్పుడు పై మంచు ఇంకా కరగదు. ఆ లోటు తీర్చడానికి ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ ఊళ్ళకు దగ్గరగా కృత్రిమ హిమానీనదాలను నిర్మించి 2015లో పద్మశ్రీ పొందారు. సోనమ్ వాంగ్‌చుక్ మంచు స్తూపాలు కూడా ఆ ఆలోచనకే మరొక రూపం. తైబందీల కాలంలో చివరి ఆయకట్టుకు నీరు అందక మన రైతులు పడే ఘర్షణ చూసిన విద్యార్థికి, ఒక చుర్‌పోన్‌తో గడిపిన పూట ఏ సరస్సు దర్శనం కంటెను విలువైనది కాదా?

నీరు కరవైన చోటనే వరద కూడా భయంకరం. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి దాటాక లే పరిసరాలలో కురిసిన కుంభవృష్టి, బురద ప్రవాహం ఇన్నూరు మందికి పైగా బలిగొన్నాయి. చెట్టు లేని కొండ నీటిని పట్టి ఉంచదు. ఎండిన వాగులో చదునైన చోటు కనబడగానే గుడారం వేయబుద్ధి పుడుతుంది, వేయరాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు కోదాడ వీధులు ఏరులైన సంగతి కళ్ళారా చూసిన మనకు ఈ హెచ్చరిక విడమరచి చెప్పనక్కరలేదు. గ్రామస్తులను అడిగి, వారు చూపిన చోట, వారికి ఇవ్వవలసిన రుసుము ఇచ్చి దిగడమే మేము వ్రాసుకొన్న నియమం.

అడగడానికి భాష కావాలి కదా. ఇక్కడనే మా ఉర్దూ శాఖ మిత్రుల అక్కర తెలుస్తుంది. 2025లో లదాఖ్ పాలనకు గుర్తించిన అధికార భాషలలో ఇంగ్లీషు, హిందీ, భోటీ, పుర్గీలతో పాటు ఉర్దూ కూడా ఉన్నది. కార్గిల్ బజారులో దుకాణాల పలకలను మా తెలుగు శాఖ వారు చదువలేరు. ఉర్దూ శాఖ వారు అవలీలగా చదువుతారు. మన కళాశాలలో రెండు శాఖలు ఒకే కప్పు క్రింద ఉన్నా వేర్వేరు వరండాలలో నిలబడి మాట్లాడుకోవడం అందరూ ఎరిగినదే. ప్రతి గుడారంలో ఉర్దూ, తెలుగు శాఖల వారు కలిసి ఉండాలని, ఎవరూ ఒంటరిగా తిరుగక జోడీలుగా మెలగాలని నియమించుకున్నాము. తలనొప్పిని దాచడం మగతనమని భ్రమించే మిత్రుని ముఖం చూసి ‘నీకు ఒంట్లో బాగాలేదు, ఉస్తాద్‌తో చెబుతాను’ అనవలసినవాడు ఆ జోడీయే. ఒకరి ప్రాణానికి ఒకరు జవాబుదారీ ఐన తరువాత వరండాలు వేరుగా ఉండవు.

ఇక ఆడపిల్లల మాట. కమిటీలో ఈ విషయం చర్చకు రాలేదు. రాకపోవడమే మాకు కొంత బాధ కలిగించింది. ఈ యాత్ర అబ్బాయిలదేనని అందరూ మౌనంగా అనుకున్నట్లున్నది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన నిలబడిన మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక. అప్పటికి ఆమె వయస్సు పదమూడు సంవత్సరాల పదకొండు నెలలు. ఆమెతో శిఖరం చేరిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లావాడు. ఇద్దరూ ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వారు మొదట ఎక్కినది మన పొరుగున ఉన్న భువనగిరి కోట రాతిగుండు. ఆ పైన డార్జిలింగ్‌లో, చలికి ఓర్చడానికి లదాఖ్‌లో శిక్షణ పొందారు. ఒక మెట్టు తరువాత ఒక మెట్టు ఎక్కించారు కాబట్టే ఆ పేద బిడ్డలు క్షేమంగా తిరిగి వచ్చారు. మా ప్రతిపాదనలో ఇద్దరు అధ్యాపకురాండ్రు తోడు, వేరు గుడారాలు, మరుగుదొడ్డి ఏర్పాటు, నెలసరి అవసరాలు అన్నీ విడివిడిగా వ్రాశాము. తల్లిదండ్రుల భయాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేము. ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, ఎవరు తోడో, ఆస్పత్రి ఎంత దూరమో వ్రాసి ఉన్న కాగితం చేతికిస్తే ఒక తండ్రి ఆలోచిస్తాడు. ఆ కాగితంలో విశ్రాంతి దినాలు కొట్టివేసి ఉంటే, తెలిసిన తండ్రి పంపడు, పంపకూడదు కూడా.

సన్నాహం ఇక్కడనే మొదలు కావాలి. మార్చి నుండి వారానికి మూడు తెల్లవారుజాములు కాల్వగట్టు మీద వీపున బరువుతో నడక. నీటిలో దిగడం మాత్రం నిషేధం. నెలకొకసారి నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు. ఒక రాత్రి కళాశాల మైదానంలో, మరొక రాత్రి కృష్ణా మూసీలు కలిసే వాడపల్లిలో గుడారపు నిద్ర. గుడారం కట్టడం చీకటిలో, గాలిలో నేర్చుకోవాలి గాని యాత్రనాడు కాదు. అందరికీ వైద్య పరీక్ష. ఉబ్బసం, రక్తహీనత, సికిల్‌సెల్ లక్షణం ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఆ ఎత్తుకు రారాదు. ఇంకొక చిన్న సంగతి. మన ప్రీపెయిడ్ సిమ్‌కార్డులు లదాఖ్‌లో పనిచేయవు. కాబట్టి అధ్యాపకుల పోస్ట్‌పెయిడ్ ఫోను నుండి ఏ వేళకు ఇళ్ళకు క్షేమవార్త అందుతుందో ముందే నిర్ణయించాలి. లేకుంటే ఇక్కడ అమ్మలు, అమ్మీలు నిద్రపోరు. సరిహద్దు ప్రాంతం కనుక బయలుదేరే ముందు దారుల స్థితి, శాంతిభద్రతల స్థితి అధికారుల ద్వారా తెలుసుకొని, బాగాలేదంటే యాత్ర మానుకోవాలి.

ఖర్చు విషయంలో కమిటీ పెద్దల బాధను మేము తేలికగా చూడడం లేదు. కళాశాల నిధి దాతల సొమ్ము; దానిలో ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసినవారు వారే. ఇరవై మందికి రెండు రోజుల బస, భోజనం తక్కువ మొత్తం కాదని ఎరుగుదుము. కాని పొదుపు చేయదగిన చోట్లు వేరే ఉన్నాయి. పాంగాంగ్‌కు బండ్ల బాడుగ మానవచ్చు. యాత్ర పేరు అచ్చువేసిన చొక్కాలు, బయలుదేరే రోజున కట్టే ఫ్లెక్సీలు మానవచ్చు. చలికోట్లు, నిద్రసంచులు కొనకుండా లేలో అద్దెకు తీసుకోవచ్చు. ఇంట్లో గొంగడి ఉన్నవారు మైదానపు శిబిరాలకు అది తెచ్చుకోవచ్చు. చెల్లించలేని విద్యార్థి వాటాను తక్కినవారం సర్దుకుంటామని ఇదివరకే మాట ఇచ్చుకున్నాము. ఇన్ని చేసినా నిధి చాలదంటే, ఈ సంవత్సరం లదాఖ్ మాని భువనగిరి గుట్టకు పోదాము. డబ్బు కూడబెట్టుకొని మరుసటి ఏడు వెళదాము. ఆగలేక, ఆగే రోజులు లేని ప్రయాణం చేయడం కంటె అదే మేలు.

ఈ రెండు రోజుల వాదన ఒక్క యాత్రకే సంబంధించినది కాదని మాకు తోస్తున్నది. మన చదువులలోనూ కనబడని పనిని ఖాళీ అని కొట్టివేసే అలవాటు ప్రబలింది. సిలబస్ పూర్తయిందా, ర్యాంకు వచ్చిందా అని అడుగుతాము. పాఠం లోపలికి ఇంకిందా అని అడిగే వ్యవధి ఉండదు. గ్రంథాలయపు గంట ఖాళీ గంట, ఆటల గంట ఖాళీ గంట. కాని నాటు వేసిన తరువాత రైతు కొన్నాళ్ళు మడిలో దిగడు. ఆ రోజులలో పైరు వేరు పట్టుకుంటుంది. దానిని ఖాళీ కాలమని ఏ రైతూ అనడు.

‘సఫర్ వసీలా-ఎ-జఫర్’ అని ఉర్దూలో సామెత. ప్రయాణమే విజయానికి సాధనమని దాని భావం. ‘నిదానమే ప్రధానం’ అన్నది తెలుగు సామెత. ఈ రెండింటినీ ఒకే కాగితంపై వ్రాయగల అదృష్టం మన కళాశాలకు ఉన్నది. కావున కమిటీ పెద్దలు మరొకమారు ఆ ప్రణాళికను తెరిచి, ఎర్రగీతల క్రింద ఉన్న రెండు పంక్తులను యథాస్థానంలో నిలుపవలెనని, ఆ ప్రక్కన విద్యార్థినుల పేర్లకు కూడా చోటు ఇవ్వవలెనని ప్రార్థిస్తున్నాము. తోటి విద్యార్థులకు మా మాట ఒక్కటే. రేపటి ఉదయం నుంచే కాల్వగట్టుకు రండి. ఆగవలసినచోట ఆగడం కూడా నడకలో భాగమేనని అక్కడనే నేర్చుకోవడం మొదలుపెడదాము.